చార్టు ముందు డాబు వద్దు

చిట్టితల్లీ,

వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు స్లాటు దొరికిందనీ, ఒక్కదానివే వెళ్తానంటున్నావనీ మీ నాన్న చెప్పాడు. ఛాతీ పొంగింది గానీ రాత్రి కంటిమీద కునుకు లేదు. ఇదంతా ఫోనుకు చెప్పి రాయిస్తున్నాను, తప్పులుంటే దాన్నే తిట్టు.

ఆధార్, పాత కంటి రిపోర్టులు మర్చిపోకు. మిగతావి నీకు తెలిసినవే. నా భయం వేరు.

నీదీ నాదీ ఒకే జబ్బు. రేచీకటితో మొదలై, చివరికి గొట్టంలోంచి చూస్తున్నట్టే. పాతికేళ్లప్పుడు నన్నూ చార్టు ముందు కూర్చోబెట్టారు. వెనక జనం. గుడ్డివాడనిపించుకోవడం నామోషీ నాకు. తల అటూ ఇటూ తిప్పి, ఒక్కో అక్షరాన్నీ వెతికి పట్టుకుని కింది వరస దాకా చదివేశాను. "బానే కనబడుతోందిగా" అన్నాడు డాక్టరు. నేను నవ్వాను, వెధవని! లేచి రెండడుగులు వేశానో లేదో పక్కనున్న బెంచీ మోకాలికి తగిలింది. దెబ్బ కన్నా ఎవరైనా చూశారేమోననే బెంగే ఎక్కువ. వైకల్యం 40 శాతం లోపే రాశారు. 40 లేనిదే పింఛను మాట ఎత్తొద్దన్నారు. అది సరిచేయించుకోవడానికి ఏడేళ్లు తిరిగాను. ఆ ఏడేళ్లూ ఒకటో తారీఖున మీ నాన్న మడిచి నా జేబులో పెట్టిన నోట్ల చప్పుడు ఇంకా చెవిలో ఉంది.

అందుకే, చార్టు చదివాక "పక్క చూపు లేదండీ, ఫీల్డ్ టెస్టు రాయండి" అని నోరు తెరిచి అడుగు. 2016 చట్టం ప్రకారం చూపు పరిధి 40 డిగ్రీల కన్నా తగ్గితే మందదృష్టి, 10 కన్నా తగ్గితే అంధత్వం. ఎదుటి అక్షరాలు ఎంత బాగా కనబడినా సరే. అబద్ధమాడమనను, ఉన్నది దాచుకోకు.

మన ఆంధ్రలో వికలాంగుల పింఛను 2024 జులై నుంచి నెలకు 6,000. సర్టిఫికెట్ ఉంటే రేపు సర్కారు కొలువుల్లో చూపు సరిగా లేని మనలాంటివాళ్లకు ఒక శాతం కోటా కూడా ఉంది. బ్యాంకు అకౌంటు నీ ఒక్కదాని పేరునే తెరువు. చెక్కుబుక్కు ఇవ్వం, తోడు సంతకం కావాలి అని ఎవరైనా నసిగితే, చూపు లేదని కాదనకూడదని 2008లోనే రిజర్వు బ్యాంకు చెప్పిందను. గట్టిగానే అను, నీ గొంతు నాకు తెలుసుగా.

కర్ర మడిచి సంచీలో దాచకు. చీకటి పడకముందే బస్సెక్కు. ఎంత శాతం రాశారో తర్వాత చెబుదువు, ముందు ఇల్లు చేరానని ఫోన్ చెయ్యి.

పెదనాన్న