జేసన్ పూటకో ఆకారంలో వస్తుంటే

తమ్ముడూ,

ఆర్డర్ల సర్వీసు జేసన్ (ప్రోగ్రాములు డేటా పంపుకునే టెక్స్ట్ రూపం)లో ఒకసారి లిస్టు, ఇంకోసారి ఒక్క ఆబ్జెక్టు పంపుతోందని రాశావు. కోడు మీద చెయ్యి వేసేముందు, పార్స్ చేయని (ప్రోగ్రాము ఇంకా విడదీసి చదవని) రెస్పాన్సును ఉన్నదున్నట్టు ఫైల్లో దాచు. స్టేటస్ కోడ్, హెడర్లు కూడా ఉండాలి. మొదటి అక్షరమే '<' అయితే వచ్చింది జేసన్ కాదు, ఏదో ఎర్రర్ పేజీ. మొత్తం కొటేషన్ల మధ్య ఉండి లోపల బ్యాక్‌స్లాష్‌లు కనిపిస్తే రెండుసార్లు ఎన్‌కోడ్ చేశారు, నువ్వూ రెండుసార్లు పార్స్ చేయాలి.

నీ సమస్య చాలావరకు ఎక్స్‌ఎంఎల్ (ట్యాగులతో రాసే డేటా రూపం) నుంచి జేసన్‌కి మార్చే సర్వీసుల్లో కనిపిస్తుంది. ఎక్స్‌ఎంఎల్‌లో లిస్టు అంటూ విడిగా ఏమీ లేదు. ఒకే ట్యాగు మూడుసార్లు వస్తే కన్వర్టరు లిస్టు కడుతుంది, ఒక్కసారే వస్తే ఆబ్జెక్టు ఇస్తుంది, అసలు రాకపోతే నల్ (ఖాళీ విలువ) ఇస్తుంది లేదా కీ (ఆ విలువ పేరు) ఎత్తేస్తుంది. అందుకే సున్నా, ఒకటి, మూడు ఆర్డర్లున్న ఖాతాలతో మూడు రెస్పాన్సులు తెప్పించుకో.

తర్వాత ఒక చిన్న ఫంక్షన్ రాయి: నల్ అయినా, కీ లేకపోయినా ఖాళీ లిస్టు [], లిస్టయితే అలాగే, ఆబ్జెక్టయితే [ఆబ్జెక్టు], ఇంకేది వచ్చినా ఎర్రర్. ఆ చివరిది మరవకు. పైథాన్‌లో ఆబ్జెక్టు మీద లూపు వేస్తే ఎర్రర్ రాదు, కీల పేర్లు వస్తాయి. తప్పు ఎక్కడో పది ఫంక్షన్ల అవతల బయటపడుతుంది. జావాలో జాక్సన్ అనే జేసన్ లైబ్రరీ వాడితే దీనికి సెట్టింగే ఉంది: యాక్సెప్ట్ సింగిల్ వాల్యూ యాజ్ అర్రే. ఏది వాడినా, ఈ సర్దుబాటంతా డేటా లోపలికొచ్చే ఒక్క చోటే జరగాలి. ప్రతి లూపు ముందూ 'ఇది లిస్టేనా' అని అడిగే కోడు నాకు నచ్చదు.

ఐడీలను స్ట్రింగులుగానే ఉంచు. 9007199254740993 అన్న నంబరు జావాస్క్రిప్ట్‌లో పార్సయ్యేసరికి చివరి అంకె 2 అయిపోతుంది. అది వేరే ఆర్డరు ఐడీ కావచ్చు! తేదీలన్నీ 1970 జనవరిలో పడుతున్నాయంటే 1970 జనవరి 1 నుంచి లెక్కించిన సెకన్లను మిల్లీసెకన్లనుకున్నావు. ఇప్పటి తేదీలకు సెకన్లలో 10 అంకెలు, మిల్లీసెకన్లలో 13 ఉంటాయి. 'ఫాల్స్' స్ట్రింగుగా వస్తే చాలా భాషల్లో అది నిజమే అవుతుంది, కాబట్టి 'ఫాల్స్' అన్న అక్షరాలతోనే పోల్చు.

తెలియని కొత్త కీ వస్తే పట్టించుకోకు. తప్పనిసరి కీ లేకపోతే మాత్రం అక్కడే ఆపి, ఏ కీ, ఏ రిక్వెస్టు అన్నది లాగులో రాయి. దాచిన మూడు ఫైళ్లనూ టెస్టుల్లో పెట్టు, అవతలి టీముకు రాసే మెయిల్‌కీ అవే జతచెయ్యి.