పిల్లలకి లెక్కల మీద ఇష్టం రావాలంటే ఏం చేయాలి?

అబాకస్‌లో వేయాలా వేదిక్ మ్యాథ్స్‌లో వేయాలా అని అడిగారు. రెండిట్లోనూ వద్దండీ, మా వీధిలో ఉన్న క్లాసు ఫీజు చూస్తే ముందు మనకే కూడికలు మర్చిపోతాయి. 89 అనే నంబరు ఇచ్చి వదిలేయండి చాలు.

నేను ఆరో క్లాసప్పుడు, ఎండాకాలం సెలవులు, మధ్యాహ్నం కరెంటు పోయింది. మా పెదనాన్న పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి ఇచ్చి ఏదో ఒక నంబర్ తీసుకోరా, తిరగేసి రాసి కలుపు, వచ్చినదాన్ని మళ్లీ తిరగేసి కలుపు, వికటకవి లాగా ఎటు నుంచి చదివినా ఒకటే అయ్యేదాకా ఆపకు అన్నాడు. 87 పెడితే 165, 726, 1353, 4884, నాలుగు సార్లకే అయిపోయింది. ఓస్ ఇంతేనా అన్నా. అయితే 89 చెయ్యి అని అటు తిరిగి పడుకున్నాడు.

187, 968, 1837, 9218, 17347... ఎంతకీ అవదే! చెమటకి కాగితం చేతికి అంటుకుపోతోంది, అంకెలేమో పక్కకి జరిగిపోతున్నాయి. ఇంతలో రెండో క్లాసు మా చెల్లి నాదైపోయింది, 77 అంది. 9కి 8 కలిపి 7 వేసింది, పైన వేసుకోవాల్సిన ఒకటి వదిలేసింది, 8కి 9 కలిపి మళ్లీ 7. నేను పడీపడీ నవ్వా. పెదనాన్న మాత్రం లేచి కూర్చుని అసలు కిటుకు అదే పట్టుకుందిరా అన్నాడు. ఆ పైన వేసే ఒకటి లేకపోతే ఏ నంబరైనా ఒక్క దెబ్బకే వికటకవి అవుతుందంట, చెడగొట్టేదంతా అదేనంట.

నాకు సాయంత్రానికి, రెండు సార్లు తప్పు చేసి మొదటికొచ్చాక, 24వ కూడికలో 8813200023188 వచ్చింది.

ఇక 196 అయితే ఎవరికీ తెగలేదు. జాన్ వాకర్ అనే ఆయన 1987లో కంప్యూటర్‌కి అప్పజెప్పి 1990లో ఆపాడు, 24 లక్షల సార్లు పైగా కలిపి నంబరు పది లక్షల అంకెలకి చేరినా వికటకవి రాలేదు. ఎప్పటికీ రాదని నేను రాసిస్తా, ప్రూఫ్ మాత్రం అడక్కండి.

ఇలాంటివి టైమ్ వేస్ట్ అనేవాళ్లే బండి నంబరు కలిపితే 9 రావాలని వేలంలో డబ్బులు పోస్తారు, అదేం లెక్కో మరి.

మొన్న ఆదివారం మా వాడికి 89 ఇచ్చా. తొమ్మిదో స్టెప్పులో క్యాలిక్యులేటర్ అడిగాడు, ఇవ్వలా. 196 సంగతి ఇంకా చెప్పలేదు.