20 సీసీ పెట్రోల్ ఇంజన్ థ్రాటిల్ తెరవగానే ఆగిపోతుంటే

మీ మోడల్ విమానం ఇంజన్ ఐడిల్‌లో బాగానే తిరిగి, థ్రాటిల్ ఒక్కసారిగా తెరిస్తే ఆగిపోతోందన్నారు కదండీ. ఆ క్షణంలో ఇంజన్‌కు పెట్రోల్ చాలడం లేదు. ముందు ట్యాంకు పైపు చూడండి. గ్లో ఇంజన్లకు (మిథనాల్ ఇంధనంతో నడిచే చిన్న మోడల్ ఇంజన్లు) వాడే సిలికాన్ పైపు పెట్రోల్‌కు ఉబ్బి, మెత్తబడి గాలి పీలుస్తుంది. పైపులో బుడగలు కనిపిస్తే అనుమానం దాని మీదే. పెట్రోల్‌కు తట్టుకునే టైగాన్ రకం ప్లాస్టిక్ పైపు వేయండి. ట్యాంకు లోపలి పైపు, బిరడా కూడా పెట్రోల్‌కు తట్టుకునేవే ఉండాలి.

బుడగలు లేకపోతే ఇంజన్ ఆపి, కార్బ్యురేటర్ మీది ఎల్ సూదిని (తక్కువ వేగంలో పెట్రోల్ పాళ్లు సరిచేసే స్క్రూ) ఎడమవైపుకు ఎనిమిదో వంతు చుట్టు వదులు చేసి మళ్లీ చూడండి. పొగ కక్కుతూ, తడబడుతూ ఆలస్యంగా వేగం అందుకుంటే పెట్రోల్ ఎక్కువైనట్టు, కాస్త బిగించండి. ఎల్ కుదిరాకే హెచ్ సూదిని (ఎక్కువ వేగంలో పాళ్లు సరిచేసేది) ముట్టుకోండి: ఫుల్ థ్రాటిల్‌లో గరిష్ఠ వేగం దొరికాక సుమారు 200 ఆర్‌పీఎం తగ్గేలా వదులు చేయండి. లీన్‌గా (పెట్రోల్ తక్కువగా) వదిలేస్తే ఇంజన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది.