అరిగిపోయిన ఛాసిస్ నంబరును మళ్లీ కొట్టించవచ్చా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. ఆమధ్య ఆంధ్రలోని పాతపట్నం వైపు ఒక పాత ఇనప సామాన్ల కొట్టులో యమహా ఆర్‌ఎక్స్ 100 ఫ్రేము ఒకటి, ఇంజిన్, చక్రాలు ఏవీ లేనిది, తూకం లెక్కన కొన్నాను. ఆర్సీ లేదు. కొట్టువాడు ఇచ్చిన చీటీలో ‘పాత ఇనుము’ అని రాసి, బరువు, ధర వేశాడు. తుప్పు వదిలించి, పౌడర్ కోటింగ్ చేయించి, ఒక్కొక్క సామానూ సేకరించి బండిని నిలబెట్టాలని నా కోరిక. అయితే హ్యాండిల్ మెడ దగ్గరున్న ఛాసిస్ నంబరులో చివరి రెండు అంకెలు అరిగిపోయాయి. గ్రైండరుతో సాపు చేసి కొత్తగా పంచ్ కొట్టిస్తే సరిపోతుందని మా మెకానిక్ అంటున్నాడు. ఒక మిత్రుడు మూలపడిన తన ఆర్‌ఎక్స్ 100 ఆర్సీ ఇస్తాననీ, ఆ నంబరే కొట్టించుకొమ్మనీ అంటున్నాడు. ఇందులో చట్టపరమైన చిక్కులున్నాయా? ఒడిశా నంబరు వస్తుందా? వేరే రంగు వేయిస్తే తప్పా? — ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: మీ మెకానిక్ చెప్పినదీ చేయవద్దు, మీ మిత్రుడు చెప్పినదీ చేయవద్దు. ఇంకా ఏ పనీ మొదలుపెట్టకపోతే అంతకంటే మంచిది లేదు. బండికి ఇంజిన్ మార్చినా, ట్యాంకు మార్చినా, చక్రాలు మార్చినా అది అదే బండి; ఇంజిన్ మార్చినప్పుడు బిల్లు చూపించి, అనుమతి తీసుకొని, ఆర్సీలో కొత్త నంబరు చేర్పించుకొనే దారి ఉంది. ఫ్రేము సంగతి అలా కాదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 122వ నిబంధన ప్రకారం ఫ్రేము మీద ఉండే ఛాసిస్ నంబరును వేయవలసినవాడు తయారీదారు. ఆర్సీ, ఇన్సూరెన్సు, పన్ను, దొంగతనం కేసు, అన్నీ ఆ నంబరు చుట్టూనే తిరుగుతాయి. అందువల్ల మీ చేతిలో ఉన్నది మీ దృష్టిలో తూకానికి కొన్న ఇనుమే అయినా, చట్టం దృష్టిలో ఎవరో ఒకరి పేరు మీద ఉన్న బండి, లేదా ఒకప్పుడు ఉండిన బండి.

గ్రైండరు విషయం ముందు చెబుతాను. పంచ్ దెబ్బకు పైకి కనబడే గాడి మాత్రమే పడదు, దాని అడుగున ఉన్న లోహం కూడా నొక్కుకుపోతుంది. పైభాగం అరగదీసి నున్నగా చేసినా, ఫోరెన్సిక్ లాబొరేటరీలో రాగి క్లోరైడు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిసిన ద్రావకం పూస్తే పాత అంకెలు చాలాసార్లు తిరిగి కనబడతాయి. అంటే గ్రైండరు వల్ల నంబరు పూర్తిగా పోతుందన్న భరోసా లేదు. నంబరు చెరపడానికి ఎవరో ప్రయత్నించారన్న సాక్ష్యం మాత్రం ఖాయంగా మిగులుతుంది. తుప్పు తిన్న నంబరుకూ గ్రైండరు తిన్న నంబరుకూ తేడా మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ చూడగానే పట్టేస్తాడు. మొదటిదానికి సంజాయిషీ చెప్పుకోవచ్చు. రెండోదానికి చెప్పుకోవడం కష్టం.

మీ మిత్రుడి ఆర్సీ ఆలోచన ఇంకా ప్రమాదకరం. ఒక బండి కాగితాలను ఇంకొక ఫ్రేముకు తగిలించి, ఆ నంబరు కొట్టి, దానిని ఆఫీసులోనో రోడ్డు మీదో నిజమైనదిగా చూపించడం దొంగ పత్రాలకు, మోసానికి సంబంధించిన నేరాల కిందికి వస్తుంది. రేపు ఆ బండిని ఇంకొకరికి అమ్మితే భారతీయ న్యాయ సంహిత 318(4) కింద ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు, ఆర్సీ ఇచ్చిన పాపానికి మీ మిత్రుడు కూడా ముద్దాయిల జాబితాలో చేరతాడు. ఆయన బండి నిజంగానే ఇక పనికిరాకుండా పోయి ఉంటే, మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం పద్నాలుగు రోజుల్లో రిజిస్టరింగ్ అధికారికి తెలియజేసి ఆర్సీని అప్పగించవలసిన బాధ్యత ఆయనదే. చాలామంది ఆ పని చేయరు. అలా మిగిలిపోయిన ఆర్సీలే ఇలాంటి వ్యవహారాలకు పెట్టుబడి.

ఇక అసలు ప్రశ్న: ఈ ఫ్రేము ఎక్కడిది? ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగిపోయింది, గిరాకీ మాత్రం తగ్గలేదు. అటువంటి బండి ఫ్రేము ఉత్త ఇనుము ధరకు దొరికిందంటే కొన్నవారు ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉండాలని కోర్టు అనుకొనే అవకాశం ఉంది. సరుకుల విక్రయ చట్టం, 1930లోని 27వ సెక్షన్ ప్రకారం అమ్మినవాడికి లేని హక్కు, కొన్ని మినహాయింపులు తప్ప, కొన్నవాడికి రాదు. అంతకన్నా ముఖ్యమైనది భారతీయ న్యాయ సంహిత 317(2). దొంగ సొత్తు అని తెలిసీ, లేదా అలా నమ్మడానికి కారణం ఉండీ, దురుద్దేశంతో తీసుకోవడమే కాదు, తన దగ్గర ఉంచుకోవడం కూడా ఆ సెక్షన్ కింద నేరమే. శిక్ష మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కొన్న రోజున మీకు ఏమీ తెలియకపోవచ్చు. తెలిసిన తరువాత మీరేం చేశారన్నదే ఆ తరువాతి విచారణలో తేలుతుంది. కొట్టువాడి చీటీలో ఛాసిస్ నంబరు లేదు కనుక, ఆ చీటీ ఈ ఫ్రేముదేనని రుజువు చేయడం కూడా మీకు కష్టమే. వెంటనే వెళ్లి, కనబడుతున్నంత మేరకు నంబరు, తేదీ, కొట్టువాడి పేరు, సంతకం, అతను ఎవరి దగ్గర కొన్నాడన్న వివరం ఉన్న కాగితం తీసుకోండి. ఇవ్వనంటే, ఆ ఇవ్వకపోవడమే మీకు ఒక సమాచారం. హక్కు లేని సరుకు అమ్మినట్టు తేలితే అదే చట్టం 14వ సెక్షన్ ఆధారంగా డబ్బు వెనక్కి అడగవచ్చు.

నంబరు చదవడానికి గ్రైండరు అక్కరలేదు. ఆ చోట కిరసనాయిలులో ముంచిన గుడ్డతో మెల్లగా తుడిచి, మెత్తని బ్రష్‌తో మట్టి తీసి, పలచని తెల్ల కాగితం ఒత్తిపట్టి పెన్సిలు ముల్లును పక్కకు వాల్చి రుద్దండి. కంటికి కనబడని అంకె చాలాసార్లు కాగితం మీద తేలుతుంది; ఆర్టీవో ఆఫీసులో తీసుకొనే పెన్సిలు ప్రింటు కూడా ఇదే. టార్చి వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి ఫోటోలు కూడా తీయండి. ఆ కాగితం, ఫోటోలు జతచేసి, ఫ్రేము ఎలా వచ్చిందో ఉన్నదున్నట్టు రాసి, ఆర్టీవోకు దరఖాస్తు ఇవ్వండి. ప్రతిని పోలీస్ స్టేషనులో ఇచ్చి ముద్ర వేయించుకోండి. దొంగిలించిన వాహనాల జాబితాతో సరిచూసే ఏర్పాటు జాతీయ నేర రికార్డుల బ్యూరోకు ఉంది.

ఈ విచారణలో మూడు రకాల ఫలితాలు రావచ్చు. దొంగ బండి అని తేలితే ఫ్రేమును కొట్టువాడికి తిరిగి ఇచ్చేసి ఊరుకోకండి, రాతపూర్వకంగా పోలీసులకు అప్పగించండి. పోలీసులు స్వాధీనం చేసుకున్న వాహనాలను స్టేషన్ల ఆవరణలో తుప్పు పట్టనివ్వరాదని సుందర్‌భాయి అంబాలాల్ దేశాయి కేసులో సుప్రీంకోర్టు 2002లో చెప్పిన మాట నిజమే గాని, దానివల్ల మేలు జరిగేది ప్రధానంగా అసలు ఓనరుకు. ఆర్సీ లేని మీకు ఆ తీర్పు పెద్దగా అక్కరకు రాదు.

ఓనరు దొరికితే అది మీ అదృష్టం. ఆయన, లేదా ఆయన పోయి ఉంటే వారసులు, సహకరిస్తే తప్ప పని సాగదు. అరిగిన నంబరును మళ్లీ కొట్టించడానికి రిజిస్టరింగ్ అధికారి అనుమతి కావాలి. ఆ అనుమతి అడగవలసింది రిజిస్టర్డ్ ఓనరు, మీరు ఇంకా ఓనరు కారు. సొంత బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది, తరువాత అయిదేళ్ల చొప్పున పొడిగిస్తారు. ఈ బండికి ఆ గడువు ఎప్పుడో దాటి ఉంటుంది, ఆలస్య రుసుము నెలల లెక్కన పడుతుంది. పాత పుస్తకం ఆర్సీ అయితే వివరాలను కంప్యూటరులోకి ఎక్కించమని కూడా అడగాలి. ఆర్సీ పోయి ఉంటే ఫారం 26 మీద నకలు, ఆంధ్ర రిజిస్ట్రేషన్ అయితే ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం, యాజమాన్య బదిలీకి ఫారం 29, 30, ఒడిశా నంబరుకు ఫారం 27 కావాలి. ఒడిశా పన్ను వేరుగా కట్టాలి. పర్లాకిమిడికీ పాతపట్నానికీ మధ్య దూరం ఏపాటిది, పొద్దున అక్కడ టిఫిన్ తిని ఇక్కడ కొట్టు తెరిచేవాళ్లున్నారని మీరనవచ్చు. అయినా పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచే బండికి ఇక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. తెలుగులో రాయించిన కాగితాలకు ఒడియా లేదా ఇంగ్లీషు అనువాదం కూడా జతచేయండి, లేకపోతే ఒక తిరుగుడు ఎక్కువవుతుంది.

ఓనరు జాడే తెలియకపోతే ఆ బండిని రోడ్డెక్కించవద్దు. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే 192వ సెక్షన్ కింద మొదటిసారి రెండు వేల నుంచి అయిదు వేల దాకా జరిమానా, 207వ సెక్షన్ కింద బండి స్వాధీనం; ఇన్సూరెన్సు లేకుండా ఎవరినైనా గుద్దితే పరిహారం మొత్తం మీ నెత్తిన పడుతుంది. వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. 2021లో వచ్చిన ఆ నిబంధనలు మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండ్లకు. ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో వచ్చిందే 1985లో. 2035 దాకా ఏ ఆర్‌ఎక్స్ 100కూ ఆ అర్హత లేదు.

కాగితాలు ఒక దారికి వచ్చాకనే కోటింగ్ మాట. నంబరు ఉన్న చోట ఇసుక బ్లాస్టింగ్ తగలనివ్వకండి, లోతు లేని అంకెలు దానితో పూర్తిగా పోతాయి. పౌడర్ కోటింగ్ పొర కూడా గాడులను పూడ్చేస్తుంది. ఫ్రేమును దాదాపు 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కాల్చుతారు కనుక మామూలు టేపు నిలవదు, వేడిని తట్టుకొనే టేపే అంటించమనండి; తరువాత ఆ చోట పలచగా క్లియర్ లాకరు వేస్తే తుప్పు పట్టదు, నంబరూ కనబడుతుంది. షాపువాడి బిల్లు మీద ఛాసిస్ నంబరు రాయించండి. వద్దన్నా వినకుండా వాడు నంబరు చెరిపేస్తే, రెండేళ్ల లోపు వినియోగదారుల కమిషనుకు వెళ్లడానికి ఆ బిల్లే ఆధారం.

పగుళ్లకు వెల్డింగు చేయించడం మరమ్మతే, దానికి అభ్యంతరం లేదు. ముందూ తరువాతా ఫోటోలు తీసి ఉంచుకోండి. వెనక భాగం కోసి పొట్టి సీటు వేయించడం లాంటివి మాత్రం వద్దు. తయారీదారు ఇచ్చిన స్వరూపానికి భిన్నంగా బండిని మార్చరాదని 52వ సెక్షన్ అంటుంది, కె. జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు 2019లో అదే మాటను గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పుకు 182ఎ(4) కింద ఆరు నెలల దాకా జైలు గాని, మార్పుకు అయిదు వేల చొప్పున జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. రంగు సంగతి అంత పెద్దది కాదు. ఆర్సీలో రంగు నమోదై ఉంటుంది కనుక, వేరే రంగు వేయిస్తే ఆ మార్పును ఆర్టీవో ఆఫీసులో రాయించుకోవాలి. ఆర్సీలో ఉన్న రంగే వేయిస్తే ఆ పని కూడా ఉండదు.