చేపల పేను మీద రాస్తున్న కుర్రవాడికి

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

పెంపకపు సాల్మన్ చేపల ఒంటికి పట్టి పీడించే సముద్రపు పేను, అంటే రొయ్య వర్గానికి చెందిన చిన్న జీవి, దాని మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. సూళ్లూరుపేటలో కూర్చుని నార్వే సముద్రం గురించి రాయాలంటే ధైర్యం కావాలి. అది నీకుంది, విషయం కూడా బాగానే పోగేశావు. కానీ మొదటి పేజీ అంతా పేను కాళ్లు, గుడ్ల తీగలు, చేప చర్మాన్నీ జిగురునూ అది తినే తీరు. చదివేవాడికి ఒళ్లు జలదరిస్తుంది, అంతే. అసలు అదెందుకు సమస్య అయిందో మూడో పేజీ దాకా తెలియదు.

మనుషులు చేపల్ని పెంచకముందు కూడా ఆ పేను సముద్రంలో ఉంది. మరి అప్పుడెందుకు ఇంత నష్టం చేయలేదు? అక్కడ మొదలుపెట్టు. పెద్ద సాల్మన్లు ఒంటి మీది పేలతో సహా నదుల్లోకి ఎక్కుతాయి. మంచినీళ్లలో ఆ పేలు బతకలేక రాలిపోతాయి. పిల్లచేపలు నది నుంచి సముద్రంలోకి దిగేది వసంతంలో. అప్పటికి తీరం దగ్గర పేలు మోసే పెద్దచేపలు చాలా తక్కువ. అంటే పెద్దవాటికీ పిల్లలకూ మధ్య ఒక చలికాలం అడ్డం ఉండేది. తీరంలో వల కేజ్‌లు కట్టి ఏడాది పొడుగునా లక్షల చేపల్ని అక్కడే ఉంచాక ఆ అడ్డం పోయింది. పేనుకు చలికాలంలోనూ ఆశ్రయం దొరికింది.

నీ వ్యాసానికి వెన్నెముక ఇదే నాయనా. ఒక ప్రాంతంలోని ఫారాలన్నీ ఒకేసారి పిల్ల వేసి, ఒకేసారి పట్టి, కొన్ని వారాలు కేజ్‌లు ఖాళీగా వదిలేయడం ఎందుకు? వసంతం రాకముందే పేలను తగ్గించాలన్న తొందర ఎందుకు? పోయిన ఆ ఎడాన్ని మళ్లీ తెచ్చుకోవడానికే. ఈ దారం పట్టుకుంటే నీ దగ్గరున్న వివరాలు వాటంతటవే వరసకొస్తాయి.

ఇక అంకెలు. నార్వేలో చేపకు సగటున 0.5 ఆడ పేను మించకూడదు, వసంతంలో కొన్ని వారాలు 0.2 మించకూడదు అని రాసి వదిలేశావు. అర పేను ఏమిటని పాఠకుడు నవ్వుకుంటాడు. ఆ దేశపు నియమాల ప్రకారమే ఒక్క కేజ్‌లో 2,00,000 చేపల దాకా పెంచుకోవచ్చు. గుణించి చూడు. రూలు తప్పకుండానే ఒక్క కేజ్‌లో 1,00,000 ఆడ పేలు ఉండొచ్చు. ఒక్కోటి ఒక్కో దఫా వందల గుడ్లు పెడుతుంది, పుట్టిన పిల్ల పేలు ప్రవాహంలో రోజుల తరబడి కొట్టుకుపోతాయి. కేజ్ బయట ఈదే పిల్లచేపకు సగటుతో పనేముంది? దాని ప్రాణం మొత్తం లెక్క మీదే ఆధారపడింది. అందుకే 2017 నుంచి నార్వే తన తీరాన్ని 13 ప్రాంతాలుగా విడగొట్టి, బయటి చేపలకు జరిగే నష్టం అంచనా వేసి ట్రాఫిక్ లైట్ రంగులు ఇస్తోంది. పచ్చ వస్తే ఉత్పత్తి 6 శాతం పెంచుకోవచ్చు, ఎరుపు వస్తే 6 శాతం తగ్గించాలి.

మందుల పేరాలు కుదించు. ఎమామెక్టిన్ అనే పేల మందుకు పేలు చాలా చోట్ల అలవాటు పడిపోయాయి, ఆ ఒక్క మాట చాలు. పేలను ఏరి తింటాయని రాస్, లంప్‌ఫిష్ అనే చేపల్ని కోట్ల సంఖ్యలో కేజ్‌ల్లో వదిలారు. వాటిలో చాలా భాగం అక్కడే చచ్చాయి. దీన్ని నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు, నేనైతే ఒక పేజీ ఇచ్చేవాణ్ణి.

తీర్పు చెప్పడానికి తొందరపడకు. కెనడా పడమటి తీరంలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో, బ్రాటన్ దీవుల దగ్గర, పేల బెడద ఇలాగే సాగితే నాలుగు తరాల్లో పింక్ సాల్మన్ 99 శాతం పడిపోతుందని 2007లో ఒక బృందం సైన్స్ పత్రికలో లెక్కగట్టింది. 2010లో మరో బృందం ఫారాల రికార్డులు తిరగేసి, చేపలు తగ్గడానికి పేలే కారణమని తేలలేదంది. 2011లో ఇంకో విశ్లేషణ సంబంధం ఉందంది. ఈలోగా అక్కడి ఫారాలు పిల్లచేపలు దిగే కాలానికి ముందే మందు వేయడం మొదలుపెట్టాయి. అంటే ‘ఇలాగే సాగితే’ అన్న షరతే మారిపోయింది. ఈ గొడవంతా పాఠకుడి ముందు పెట్టు. 2029 జూన్ 30 నాటికి బ్రిటిష్ కొలంబియాలో వల కేజ్‌ల సాల్మన్ పెంపకం ఆపేస్తామని కెనడా 2024లో ప్రకటించింది. అది కూడా చేర్చు.

చివర్లో "మన కల్యాణి డ్యామ్‌కూ ఇదే ప్రమాదం" అని అతికించావే, అది తీసేయ్. మన బొచ్చెకూ శీలావతికీ పట్టే పేను ఆర్గ్యులస్, వేరే జీవి. మంచినీళ్లే దాని ఇల్లు. గుడ్లను ఒంటి మీద మోయదు, చేపను వదిలి వచ్చి కట్టెలకూ రాళ్లకూ అంటిస్తుంది. అందుకే చెరువులో వెదురు కర్రలు పాతి, గుడ్లు పడ్డాక పీకి ఎండలో వేస్తే పని జరుగుతుంది. అది బయటికి పోయే దారి కూడా వేరు. చేపపిల్లల్ని సంచుల్లో తెచ్చి రిజర్వాయర్లలో, ఊరి చెరువుల్లో వదులుతారు కదా, సంచిలో పేను ఉంటే అదీ దిగుతుంది. వదిలేముందు పిల్లల్ని ఉప్పునీళ్లలో ముంచుతున్నారా లేదా కనుక్కో.

నార్వేతో పోలిక కావాలంటే మన చిత్తూరు చెరువుల్లోనే ఉంది. వానకు నిండే చెరువు ఎండాకాలంలో అడుగు పగుళ్లిస్తుంది, ఆర్గ్యులస్ గుడ్లు మాడిపోతాయి. బోరు నీళ్లతో ఏడాదంతా నిండుగా ఉండే చెరువుకు ఆ విరామం లేదు. రైతే నీళ్లు తీసి, ఎండగట్టి, సున్నం చల్లాలి. పంట కాలం పోతుందని టెన్షన్‌తో చాలామంది అది మానేసి మందు డబ్బా పడతారు. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటివి పేను మీద పనిచేస్తాయి నిజమే. కానీ పేనూ రొయ్యా ఒకే వర్గం జీవులు. ఆ నీళ్లు కాలవలోకి వదిలితే అక్కడి రొయ్యకూ గండమే. పులికాట్ పక్కన పుట్టినవాడివి, ఇది నీకు నేను విడమరచి చెప్పక్కర్లేదు.

రైతు దగ్గరికి వెళ్లినప్పుడు పేను ఉందా అని అడక్కు. రేటు పడిపోతుందని ఎవరూ ఒప్పుకోరు. చేప కర్రకూ గట్టుకూ రుద్దుకుంటోందా, మేత తగ్గిందా అని అడుగు. పోయిన ఎండాకాలం చెరువు ఎండిందా అనీ అడుగు. మందు డబ్బా చూపిస్తే పేరు రాసుకో. తిరగరాశాక ప్రతి అంకె పక్కనా అది ఎక్కడిదో పెన్సిల్‌తో రాసి పంపు, నేనూ సరిచూస్తాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి