మురుగు కాలువ వేయకపోతే ఇంటి పన్ను ఆపేయవచ్చా?

ప్రశ్న: మాది బాపట్ల జిల్లాలో ఒక మున్సిపాలిటీ శివారు కాలనీ. ఇళ్లు కట్టుకుని ఎన్నో ఏళ్లయినా మురుగు కాలువ లేదు. వాన పడితే నీళ్లు గుమ్మాల్లోకి వస్తాయి. ఇంటి పన్ను మాత్రం ఏటా పెరుగుతోంది. కాలువ తవ్వేదాకా ఎవరూ పన్ను కట్టకూడదని కాలనీ వాళ్లంతా కూర్చుని అనుకున్నాం. పెద్దవాళ్లు చీరాల-పేరాల ఉద్యమం గుర్తుచేస్తున్నారు. ఈలోగా కొందరికి నోటీసులు వచ్చాయి, ఇంట్లో ఆడవాళ్లు టెన్షన్ పడుతున్నారు. సౌకర్యం ఇవ్వనప్పుడు పన్ను అడిగే హక్కు వాళ్లకు ఉందా?
- ఒక పాఠకుడు

జవాబు: మీ కోపం న్యాయమైనదే. అయినా పన్ను ఆపకండి. ఆపితే నష్టపోయేది మీరే. కాలువ వేయించుకునే దారి చట్టంలో వేరే ఉంది. దానిలో నడవాలంటే మీ పేరున బకాయి లేకుండా ఉండటం మంచిది.

ముందు హక్కు సంగతి. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఏ పన్నూ విధించకూడదు, వసూలు చేయకూడదు అని రాజ్యాంగం 265వ అధికరణం చెబుతోంది. పన్నులు వేసే అధికారాన్ని రాష్ట్ర శాసనసభ మున్సిపాలిటీలకు చట్టం ద్వారా ఇవ్వవచ్చని 243-ఎక్స్ అధికరణం చెబుతోంది. మన రాష్ట్రంలో ఆ చట్టం 1965 నాటి మున్సిపాలిటీల చట్టం. కాబట్టి అడిగే హక్కు ఉంది. ఇక సౌకర్యం ఇవ్వలేదన్న వాదన. పన్ను అంటే ప్రజావసరాల కోసం ప్రభుత్వం చట్టబలంతో తప్పనిసరిగా వసూలు చేసే సొమ్మే తప్ప చేసిన సేవకు చెల్లింపు కాదని సుప్రీంకోర్టు 1954లో శిరూరు మఠం కేసులో తేల్చింది. ఫీజు సంగతి వేరు. ఫీజు తీసుకున్నవాళ్లు దానికి తగ్గ సేవ చూపించాలి. మీకు కుళాయి కనెక్షన్ లేకుండా కుళాయి చార్జీ వేస్తే అది కట్టనని వాదించవచ్చు. ఆస్తి పన్నుకు ఆ వాదన నిలవదు.

మీ డిమాండు నోటీసు తీసి ఒకసారి చూడండి. పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు అని ఉంటుంది, పన్నులో రూపాయికి 8 పైసలు. మీరు ఏనాడూ లైబ్రరీ గడప తొక్కకపోయినా అది కట్టాల్సిందే. పోటీ పరీక్షలకు చదివే పేదింటి పిల్లలు జిల్లా గ్రంథాలయంలో కూర్చునే కుర్చీలో మీ పైసలూ ఉన్నాయి. ఎవరి సొమ్ముకు వారికే సేవ అనే లెక్క పెడితే ఆ కుర్చీ ఉండదు. ఈ పద్ధతి మంచిదనే నేను నమ్ముతాను. కాకపోతే ఆ సొమ్ము తీసుకున్నవాళ్లు మీ వీధి వైపు కూడా చూడాలి.

ఇక చీరాల-పేరాల. ఆ ఊళ్ల మీద నాటి మద్రాసు ప్రభుత్వం మున్సిపాలిటీని రుద్దింది. ఏడాదికి 4 వేల రూపాయలున్న పన్ను 40 వేలకు చేరే పరిస్థితి వచ్చింది. నేత పని చేసుకునేవాళ్లు, చిన్న రైతులు అంత కట్టలేకపోయారు. మొదట కట్టబోమన్నారు. కొందరు జైలుకు వెళ్లారు, వారిలో ఒక మహిళ కూడా ఉన్నారు. 1921లో గాంధీజీ చీరాల వచ్చినప్పుడు ఊరు విడిచి వెళ్లడం ఒక మార్గమని చెప్పారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో జనం ఇళ్లు వదిలి, మున్సిపాలిటీ హద్దు బయట రామనగరం పేరుతో పాకలు వేసుకుని పదకొండు నెలలు ఉన్నారు. ఎండకూ వానకూ ఓర్చుకున్నారు. గోపాలకృష్ణయ్య గారిని అరెస్టు చేసి జైల్లో పెట్టాక ఉద్యమం బలం తగ్గింది.

వకీలుగా ఇందులో నాకు కనిపించేది ఒకటుంది. హద్దులో ఉన్నంతకాలం పన్ను బాధ్యత తప్పదని వాళ్లు గ్రహించారు. అందుకే హద్దే దాటారు. కట్టనివాళ్లు శిక్షకు సిద్ధపడే కట్టలేదు. పైగా పరాయి ప్రభుత్వంలో తమ మాట వినిపించే దారి వాళ్లకు దాదాపు లేదు. మీకు ఓటుంది, కోర్టులున్నాయి. ఆ త్యాగాన్ని తలుచుకోండి, కానీ దాన్ని చూపించి పన్ను ఆపితే ఏ న్యాయమూర్తీ ఒప్పుకోరు.

ఆపితే ఏమవుతుందో కూడా చెప్పాలి. బకాయి మీద నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది, అంటే ఏడాదికి 24 శాతం. ఆస్తి పన్ను బకాయి ఆ ఇంటి మీదే భారంగా ఉంటుంది. రేపు అమ్మాయి పెళ్లికని అమ్మబోయినా, బ్యాంకులో తాకట్టు పెట్టబోయినా అది అడ్డొస్తుంది. రెడ్ నోటీసు తర్వాత సామాను జప్తు చేసే అధికారమూ ఉంది.

ఏటా పెరుగుదల సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువకు బదులు ఆస్తి మూలధన విలువ (రిజిస్ట్రేషన్ విలువ ఆధారంగా కట్టే ధర) మీద పన్ను లెక్కిస్తున్నారు. పెంపు ఒక ఏడాదిలో 15 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు. తక్కువే అనిపిస్తుంది గానీ, ఏటా అంతే పెరిగితే 1,000 రూపాయల పన్ను ఐదేళ్లలో 2,000 దాటుతుంది. ఈ పరిమితి సామాన్యుడికి సరిపోయే రక్షణ కాదని నా అభిప్రాయం. మీ పాత, కొత్త రసీదులు పక్కపక్కన పెట్టి లెక్క వేయండి. 15 శాతం దాటితే కారణం రాతపూర్వకంగా అడగండి. కొలతలు కూడా చూడండి: పడగొట్టేసిన పశువుల కొట్టం ఇంకా విస్తీర్ణంలో ఉందా, నివాసాన్ని వ్యాపార భవనంగా రాశారా? ఇలాంటి తప్పులుంటే పన్నును మళ్లీ పరిశీలించమని కమిషనర్‌కు రివిజన్ పిటిషన్ పెట్టాలి. గడువు నోటీసులోనే ఉంటుంది, దాన్ని దాటనివ్వకండి.

ఇక అసలు సమస్య, కాలువ. దీనికి మీ దగ్గర గట్టి ఆయుధం ఉంది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో ఒక వార్డు జనం మురుగు, దుర్గంధం భరించలేక మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లారు. డబ్బు లేదని మున్సిపాలిటీ సుప్రీంకోర్టు దాకా వాదించింది. 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ వాదనను తోసిపుచ్చారు. పారిశుద్ధ్యం మున్సిపాలిటీ ప్రాథమిక బాధ్యత, నిధుల కొరత పేరుతో తప్పించుకోవడానికి వీల్లేదని తీర్పు ఇచ్చారు. ఆ కేసు నడిచిన పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 133వ సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షన్‌గా ఉంది. దాని కింద, మేజిస్ట్రేటు అధికారాలున్న ఆర్డీఓ దగ్గర ఫిర్యాదు చేయవచ్చు.

అంతకంటే ఖర్చు తక్కువ దారి శాశ్వత లోక్ అదాలత్. పారిశుద్ధ్యం, నీటి సరఫరా దాని పరిధిలోని ప్రజోపయోగ సేవలే. కోర్టు ఫీజు ఉండదు. ముందు రాజీకి ప్రయత్నిస్తారు, కుదరకపోతే వాళ్లే తీర్పు ఇస్తారు. దానికి సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంటుంది. అయితే వేరే కోర్టుకు వెళ్లకముందే అక్కడికి వెళ్లాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడిగితే ఎక్కడ దాఖలు చేయాలో చెబుతారు.

వెళ్లేముందు కాగితాలు సిద్ధం చేసుకోండి. వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. వాన రోజు తీసిన ఫొటోలు తేదీలతో ఉంచండి. మీ వార్డు నుంచి గత మూడేళ్లలో ఎంత పన్ను వసూలైంది, కాలువల మీద ఎంత ఖర్చు చేశారు అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. బకాయిని మాత్రం ఈ వారమే కట్టేయండి. పెంపు మీద అభ్యంతరం ఉంటే ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని ఒక లేఖ ఇచ్చి, దాని నకలు మీద ముద్ర వేయించుకోండి. వచ్చే ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ నెలాఖరులోగా ఒకేసారి కట్టగలిగితే 5 శాతం రాయితీ వస్తుంది.