తాతగారి ట్రంకుపెట్టెలో జర్మన్ సైనికుడి కాగితాలు: దగ్గర ఉంచుకోవచ్చా, పుస్తకం వేయవచ్చా?

ప్రశ్న: మా తాతగారు మద్రాస్ సాపర్స్‌లో (సైన్యంలోని ఇంజనీరింగ్ దళంలో) పనిచేశారు. 1944లో ఇటలీ యుద్ధంలో ఉన్నారు. ఆయన ట్రంకుపెట్టెలో ఒక జర్మన్ సైనికుడి పే-బుక్కు (జీతం, గుర్తింపు వివరాలుండే చిన్న పుస్తకం), అతనికి ఇంటి నుంచి వచ్చిన కొన్ని ఉత్తరాలు, ఫొటోలు దొరికాయి. పే-బుక్కు మీద గద్ద, స్వస్తిక గుర్తు ఉన్నాయి. అవి తాతగారి చేతికి ఎలా వచ్చాయో ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆ సైనికుడు ఏమయ్యాడో తెలుసుకుని చిన్న పుస్తకం వేయాలని, కాగితాలను జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి ద్వారా అతని కుటుంబానికి అందజేయాలని నా కోరిక. చట్టపరంగా చిక్కులేమైనా ఉంటాయేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకుడు, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: మీ కోరిక మంచిది, నెరవేర్చుకోవడానికి దారి కూడా ఉంది. కానీ ఆ అసలు కాగితాలను కొరియర్‌లో గానీ, మీ అబ్బాయి సూట్‌కేసులో గానీ ఇప్పుడే దేశం దాటించకండి.

మన దేశంలో 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ఉంది. పురావస్తువంటే నూరేళ్లు దాటిన విగ్రహమో నాణెమో అనుకుంటాం. కానీ చారిత్రక విలువ ఉన్న రాతప్రతులు, రికార్డులు, పత్రాలకు ఆ చట్టం పెట్టిన వయసు 75 ఏళ్లే. 1944 నాటి కాగితాలు ఆ గీత ఎప్పుడో దాటేశాయి. అవి మన దేశంలో పుట్టినవే అయి ఉండాలని నిర్వచనంలో ఎక్కడా లేదు. పురావస్తువును ప్రైవేటు వ్యక్తులు ఎగుమతి చేయకూడదు. చేస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, జరిమానా. ఒక మామూలు సైనికుడి పే-బుక్కుకు చారిత్రక విలువ ఉందా లేదా అన్నది మీరూ నేనూ తేల్చేది కాదు. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థకు ఫొటోలతో దరఖాస్తు పెట్టి, ఇది పురావస్తువు కాదన్న సర్టిఫికెట్ తీసుకున్నాకే అసలు ప్రతులు పంపండి. ఈలోగా స్కాన్లు ఎన్నయినా పంపుకోవచ్చు, వాటికి ఏ అడ్డూ లేదు.

ఇక ఇవి ఎవరి సొత్తు? 1929 జెనీవా ఒప్పందాల ప్రకారం యుద్ధఖైదీ దగ్గర గుర్తింపు పత్రాలు, సొంత వస్తువులు లాక్కోకూడదు. చనిపోయినవాడి దగ్గర దొరికిన సొంత వస్తువులు అవతలి పక్షానికి చేర్చాలి. అంటే ఉత్తరాలూ ఫొటోలూ ఆనాడే అతని ఇంటికి చేరవలసినవి. తాతగారిని తప్పుపట్టాలని కాదు. ఆయన శిథిలాల్లో ఏరుకుని భద్రం చేసి ఉండవచ్చు, ఖైదీయే చేతిలో పెట్టి ఉండవచ్చు. వారసత్వంగా వచ్చిన పెట్టెలో దొరికినందుకు మీ మీద ఏ క్రిమినల్ కేసూ రాదు. సివిల్ వైపు మాత్రం ఒక మెలిక ఉంది. పోయిన వస్తువు తిరిగి ఇప్పించమని దావా వేయడానికి లిమిటేషన్ చట్టం మూడేళ్లు గడువిస్తుంది. ఆ మూడేళ్లు, వస్తువు ఎవరి దగ్గర ఉందో హక్కుదారుకు తెలిసిన రోజు నుంచి లెక్క. జర్మనీలో ఆ కుటుంబానికి ఇంకా తెలియదు కాబట్టి గడువు మొదలే కాలేదు. మీరు ఎలాగూ ఇవ్వాలనే అనుకుంటున్నారు కాబట్టి భయపడనక్కర్లేదు. అమ్మే ఆలోచన మాత్రం ఎవరైనా చెబితే వినకండి.

సైనికుణ్ణి వెతకడానికి పే-బుక్కే మీకు తాళంచెవి. అందులో పుట్టిన తేదీ, ఊరు, మెడలో వేసుకునే గుర్తింపు బిళ్ల నంబరు, పనిచేసిన దళాలు, వేయించుకున్న టీకాలు, ఇచ్చిన బూట్లు, దుప్పట్ల లెక్క దాకా ఉంటాయి. దగ్గరి బంధువుల చిరునామాకు ఒక పేజీ కేటాయించారు, ముందు అది చూడండి. ఉత్తరాల కవర్ల మీద ఫెల్డ్‌పోస్ట్ (జర్మన్ సైనిక తపాలా) నంబరు ఉంటే దాన్నిబట్టి దళం తెలుస్తుంది. బెర్లిన్‌లోని జర్మన్ ఫెడరల్ ఆర్కైవ్స్‌లో సైనికుల కార్డులు కోటీ ఎనభై లక్షలకు పైగా ఉన్నాయి. ఆ కార్డులున్న విభాగం ఒకప్పుడు వేరే కార్యాలయం, 2019 జనవరిలో ఆర్కైవ్స్‌లో కలిసింది. బంధువు కానివాళ్లూ అడగవచ్చు. ఆ దేశపు చట్టంలో వ్యక్తిగత ఫైలుకు రక్షణ, మనిషి పోయాక 10 ఏళ్లు. మరణ తేదీ తెలియకపోతే పుట్టిన ఏడాది నుంచి 100 ఏళ్లు. 1920లో పుట్టినవాడైతే ఆ అడ్డు ఎప్పుడో తొలగింది. యుద్ధంలో చనిపోయి ఉంటే ఫోల్క్స్‌బుండ్ అనే సమాధుల సంస్థ ఆన్‌లైన్ జాబితాలో ఉచితంగా వెతకండి. ఇటలీలో ఫూటా కనుమ దగ్గరున్న శ్మశానంలోనే 30 వేలకు పైగా జర్మన్ సైనికులున్నారు. బతికి ఇంటికెళ్లి ఉంటే అతని ఊరి రిజిస్టర్లు చూడాలి. అక్కడ మరణాల రిజిస్టర్ 30 ఏళ్లు దాటితే ఎవరైనా చూడవచ్చు.

పుస్తకం సంగతికొస్తే, కాగితం మీ దగ్గరున్నంత మాత్రాన అందులోని మాటల మీద హక్కు రాదు. పైగా ఆ ఉత్తరాలు సైనికుడు రాసినవి కావు, అతని భార్యో తల్లో రాసినవి. ఆమె 1990లో పోయిందనుకుంటే జర్మన్ చట్టంలో కాపీరైట్ మరో 70 ఏళ్లు, అంటే 2060 చివరిదాకా ఉంటుంది. మన కాపీరైట్ చట్టం సెక్షన్ 24 ప్రకారం, రాసినవారి జీవితకాలంలో అచ్చుకాని రచనకు 60 ఏళ్ల లెక్క ప్రచురించినప్పటి నుంచే మొదలవుతుంది. అందుకే పూర్తి ఉత్తరాలు వేయాలంటే వారసుల రాతపూర్వక అనుమతి తీసుకోండి. ఎంత వెతికినా వాళ్లు దొరక్కపోతే పత్రికా ప్రకటన ఇచ్చి, సెక్షన్ 31ఏ కింద లైసెన్స్ అడిగే దారి ఉంది. ఉత్తరాల్లో తెలిసిన విషయాన్ని మీ మాటల్లో చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఫొటోలు తోటి సైనికులు సరదాగా తీసుకున్న రకమైతే, జర్మనీలో అలాంటివాటికి 50 ఏళ్లే రక్షణ, అది తీరిపోయింది. వాటిని వేసుకోవచ్చు.

స్వస్తిక గుర్తు మీద మన దేశంలో నిషేధం లేదు. జర్మనీలో నాజీ గుర్తులను బహిరంగంగా వాడినా, పంచినా మూడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. చరిత్ర, పరిశోధన, బోధన కోసమైతే మినహాయింపు ఉంది. లోపలి పేజీలో వివరణతో పెట్టండి, ముఖచిత్రంగా వద్దు. మీ అబ్బాయి దాన్ని వాట్సాప్ స్టేటస్‌లోనూ పెట్టకూడదు.

చివరిగా, అతని దళం చేసిన పనులు కూడా బయటపడవచ్చు. 1944 శరదృతువులో ఇటలీలోని మార్జబోట్టో చుట్టుపక్కల ఎస్సెస్ (నాజీ పార్టీ సాయుధ) దళాలు కనీసం 770 మందిని, ఎక్కువగా స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపాయి. మీ సైనికుడు అలాంటి దళం వాడైతే ఆ సంగతి దాచకండి. అయితే అతనే చేశాడని రుజువు లేకుండా రాయకండి. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 ప్రకారం, కుటుంబాన్ని నొప్పించే ఉద్దేశంతో చనిపోయినవారిమీద నింద వేసినా పరువునష్టమే. ఏ విషయం ఏ కాగితంలో ఉందో పక్కనే రాసుకుంటూ వెళ్లండి. బతికున్న బంధువుల పేర్లు, చిరునామాలు పుస్తకంలోకి రానివ్వకండి. వాళ్లకు రాసే మొదటి ఉత్తరంలో స్కాన్లు జతచేసి, అసలు కాగితాలు మీకు కావాలా అని అడగండి. కొందరు వద్దనవచ్చు, అదీ వాళ్ల హక్కే.